ఒక పక్క మంచు

అక్క కూతురి పెళ్లిలో భోజనాల బల్లలన్నీ తానే అలంకరిస్తానని పిన్ని మాటిచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అక్క కుట్టుమిషను ఆపేసింది. బావ పేపరు మడిచి, కళ్లజోడు తీసి, తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద అవమానం ఉండదు.

ఉత్తపుణ్యానికి అనుమానించే మనుషులు కారు వాళ్లు. ఇంటిల్లిపాదీ ఆమెను సగం పిన్ని అంటారు. ఆమె అల్లిన స్వెటరుకు ఒకటే చెయ్యి. వంటింటి గోడకు వేయబోయిన నీలం రంగు కిటికీ దాకా వచ్చి అక్కడే కూలబడింది, ఇప్పటికీ అక్కడే ఉంది. చిత్రమేమిటంటే, ఆమె నడిపే లాండ్రీలో పరాయివాళ్ల చొక్కా ఒక్క మడత కూడా తేడా రాదు. ఈ మాయరోగమంతా సొంతవాళ్ల పని దగ్గరే.

అసలు ఇదంతా పెళ్లికూతురి పట్టుదలతో మొదలైంది. ఆ పిల్ల స్కూలు బస్సు నడుపుతుంది. ఒకనాడు బస్సు మంచులో కూరుకుపోతే, ఎదురు దుకాణంలోంచి గడియారాలు బాగుచేసే కుర్రాడొకడు పార పట్టుకుని వచ్చాడు. ఆ మంచే కురవకపోతే అతను పార ఎత్తేదీ లేదు, ఈమె అతని మొహం చూసేదీ లేదు. అందుకని బల్లల మీద మంచుకాలం కనిపించి తీరాలంది. అలంకరణలవాడు చెప్పిన ధర విని పెళ్లికొడుకు గోడ గడియారం వంకే చూస్తూ ఉండిపోయాడు, అది ఆగిపోయిందేమో అన్నట్టు. అప్పుడే పిన్ని నోరు జారింది, ఆ పిల్ల ఒక్కతే ఆ మాట నమ్మింది.

"మాటిచ్చావు, బాగానే ఉంది," అంది అక్క. "నా మంచం కింద ప్లాస్టిక్ పూల పెట్టె ఉంది. నువ్వు సగంలో వదిలేశావనుకో, అవి తీసి పెట్టేస్తాను."

అబ్బ, ఆ పెట్టె! ఆనాటి నుంచి అది పిన్ని గుండెల మీద కూర్చుంది. జీవితంలో ఇంకేం దక్కకపోయినా ఫర్వాలేదు, ఆ పెట్టె మూత మాత్రం తెరుచుకోకూడదు అనుకుంది. తనను నమ్మిన ఒకే ఒక్క పిల్ల పెళ్లిలో ప్లాస్టిక్ పూలు వెలిస్తే ఇక ఆ గడప ఎలా తొక్కుతుంది?

పని మొదలుపెట్టడంలో పిన్నిని కొట్టేవాళ్లు లేరు. వీధి చివరి పార్కులో తోటమాలి ఆకులు రాలిన పూలచెట్ల కొమ్మలు కత్తిరించి కుప్పేస్తుంటే, ఎలాగూ పారేసేవే కదా అని మోపులకు మోపులు అడిగి తెచ్చుకుంది. ఎండిపోతే పుటుక్కున విరుగుతాయి, నీళ్లలో నిలబెట్టుకో అని అతను చెప్పి పంపాడు. పూలకూజాలుగా వాడుకోవడానికి ఖాళీ జామ్ సీసాలు ఇరుగుపొరుగు ఇచ్చారు. ఇక మంచు సంగతి. లాండ్రీ దుకాణంలో కాలర్లకు పెట్టే గంజి ఉండనే ఉంది. దాన్ని ముద్దలా చిక్కగా కాచి, కొమ్మకు పూసి, రాళ్ల ఉప్పు చల్లి ఆరబెట్టింది. మొదటి కొమ్మను దీపం కింద పెట్టి చూస్తే తళతళా మెరిసింది. పిన్నికి ఒళ్లు తెలియలేదు. దుకాణం తలుపులు వేసి, ఆ కొమ్మను పట్టుకుని ఇస్త్రీ బల్ల చుట్టూ గిర్రున తిరిగింది.

పెళ్లికూతురు బస్సు దిగి వచ్చి తనూ చెయ్యి వేసింది. పిన్ని పూస్తుంటే ఆ పిల్ల ఉప్పు చల్లేది. సగం కొమ్మ మీద, సగం పిన్ని నెత్తిన. ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. కొమ్మలను బల్ల మీద పరిచి ఒక పక్కంతా పూసేశారు. ఆరాక తిప్పి రెండో పక్క పూయాలి. అంతే మిగిలింది.

ఆ మిగిలినదాంట్లోనే ఉంది తిరకాసు. పెళ్లిళ్ల కాలం కావడంతో ఊరందరి కోట్లూ ఒక్కసారిగా దుకాణం మీద పడ్డాయి. పిన్ని కొమ్మలను ఇస్త్రీ గదిలో బకెట్లలో నిలబెట్టింది. చన్నీళ్లకు వేళ్లు కొంకర్లు పోతున్నాయని గోరువెచ్చటి నీళ్లు పోసింది. పైన ఒక దుప్పటి కట్టింది. రెండో పక్క రేపు పూద్దామనుకుంది. రోజూ నీళ్లు మార్చేది కానీ దుప్పటి ఎత్తేది కాదు. ఎత్తితే తన బద్ధకం మొహం చూడాలి కదా, అందుకు సిగ్గేసేది. ఆ గదిలో పొద్దస్తమానం ఇస్త్రీ వేడి, ఆవిరి. అలా రేపు, రేపు అంటూ పెళ్లిరోజు రానే వచ్చింది.

పెళ్లినాడు పొద్దున్నే గంజి కాచుకుని, సీసాలన్నీ పళ్లెంలో పేర్చుకుని ఇస్త్రీ గదిలోకి వెళ్లి, ఒక చేత్తో దుప్పటి లాగింది.

కొమ్మలన్నీ పూశాయి. ఉప్పు అంటిన పక్క మంచు మంచులాగే ఉంది. ఉప్పు అంటని పక్క లేత గులాబీ పూలు విరగబూసి ఉన్నాయి. నడిశీతాకాలంలో ఆ మొండి కొమ్మలు, గోరువెచ్చటి నీళ్లూ ఆవిరీ తగిలి, వసంతం వచ్చేసిందని పొరబడ్డాయి. పిన్ని చేతిలో పళ్లెం జారింది. ఒక్క సీసా మిగిలితే ఒట్టు.

ఆమె ఏడవలేదు. ఏప్రాన్ విప్పకుండానే కాలుగాలిన పిల్లిలా అక్క ఇంటికి పరుగెత్తింది. అక్క పెళ్లికూతురి గౌనుకు చివరి హుక్కు కుడుతోంది. పెళ్లికూతురు సగం జడతో కుర్చీలో కూర్చుని ఉంది.

"అక్కా, ఆ పెట్టె తెరువు," అంది పిన్ని.

అక్క సూది దించలేదు. ఏమైందో చెప్పమంది. పిన్ని అంతా చెప్పింది. రెండో పక్క పూయలేదనీ, కొమ్మలు పూశాయనీ, మంచుకాలం పాడైందనీ, సీసాలు ముక్కలయ్యాయనీ ఏదీ దాచకుండా చెప్పేసింది. తన వల్ల కాదని కూడా అంది.

అక్క దారం కొరికి, లేచి, మంచం కింది పెట్టె బయటికి లాగి మూత తీసింది. లోపల ఒక్క పువ్వు లేదు. కడిగి, తుడిచి, పాత పేపర్లలో చుట్టిన జామ్ సీసాలు పెట్టె నిండా ఉన్నాయి.

"ఇవెందుకే?" అంది పిన్ని.

"నువ్వు పగలగొడతావని."

"మరి ప్లాస్టిక్ పూలు?"

"ఎప్పుడు కొన్నాను? అలా బెదిరించకపోతే నువ్వు సగమైనా చేసేదానివా?"

పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈలోపు పెళ్లికూతురు సగం జడతోనే లేచింది. ఏంటి పిన్నీ, పూలు పూశాయా, నిజంగానా అంటూ బస్సు తాళాలు అందుకుంది. ఇక ఆ పిల్లను ఆపడం ఎవరి తరం? బావ పెట్టె ఒళ్లో పెట్టుకుని పిల్లల సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ సీసాలు గలగలమన్నాయి, ప్రతి గలగలకూ అందరూ పకపకా నవ్వారు. లాండ్రీ దగ్గర బకెట్లు ఎక్కించుకున్నారు. ఇస్త్రీకి వచ్చిన కోట్లు కూడా ఎక్కాయి, అవి వేసుకోవాల్సినవాళ్లు ఎలాగూ ఈ పెళ్లికే వస్తున్నారు మరి.

పెళ్లి హాల్లో బల్లబల్లకూ ఒక సీసాలో కొమ్మలు పెట్టి, మంచు పక్క గుమ్మం వైపు తిప్పి నిలబెట్టారు. గుమ్మంలోంచి చూస్తే గదంతా మంచు. రెండడుగులు పక్కకు జరిగితే గదంతా పూలు. వచ్చినవాళ్లు కూర్చోవడం మానేసి బల్లల చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. ఇటు రండి, కాదు అటు వెళ్లి చూడండి అని ఒకరినొకరు లాక్కుంటున్నారు. పెళ్లికొడుకు ఒక సీసాను మెల్లగా తిప్పి చూసి, ఆగి, మళ్లీ వెనక్కి తిప్పాడు. ఇంత ఖర్చు ఎలా పెట్టారు బాబూ అని ఎవరో పెద్దావిడ బావను చాటుగా అడిగింది. రాళ్ల ఉప్పండీ అన్నాడు బావ గర్వంగా.

పిన్ని మాత్రం ఇంకా కుదురుగా లేదు. పెళ్లికూతురి బల్ల దగ్గర వంగి, ఏప్రాన్ జేబులోంచి గంజి డబ్బా, బ్రష్షూ తీసింది. ఈ ఒక్కదానికైనా రెండో పక్క పూర్తి చేస్తే ఇచ్చిన మాట నిలబడుతుందని ఆమె ఆశ. బ్రష్షు పూలకు తగలబోతుంటే అక్క వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"చాలే, ఇక్కడితో ఆపెయ్."

పుట్టి బుద్ధెరిగాక పిన్నిని పని మధ్యలో ఆపమన్నవాళ్లు లేరు. ఆమె బ్రష్షు డబ్బాలో పెట్టి, మూత బిగించి, అక్క పక్కన కూర్చుంది.