పొన్నగంటి కూరా, నేనూ

నేను ఒక గాజుబిళ్ళను, అరచేతిలో ఇమిడిపోయేదాన్ని. ఎక్కడో సముద్రం అవతల నన్ను సానబెట్టి నల్లటి చట్రంలో బిగించారు. ఆ సాన మీద జారిన చల్లటి నీళ్ళు తప్ప నా పుట్టుక గురించి నాకేమీ గుర్తులేదు. విజయనగరంలోని ఒక కంటి ఆసుపత్రికి చేరాకే నా పని ఏమిటో తెలిసింది.

మొదట ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర ఉన్నాను. ఆయన రిటైరవుతూ నన్ను డాక్టర్ హైమవతిగారి చేతిలో పెట్టారు. ఆవిడ నన్ను రోగి కంటి ముందు పట్టుకుని నుదుటి దీపం వెలిగిస్తే చాలు, కంటి వెనక దాగిన రెటీనా నాలో తేలేది. నారింజరంగు ఆకాశం, అందులో సన్నటి ఎర్రని ఏరులు, అన్నీ తలకిందులుగా! మనుషుల లోపలికి తొంగిచూస్తే అంతా తలకిందులే కాబోలని నవ్వుకునేదాన్ని.

వయసు మీదపడ్డాక రెటీనా నడిమధ్య పాడయ్యే జబ్బు ఒకటుంది. చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి, చూడాలనుకున్న ముఖమే మసకబారుతుంది. ఆకుకూరలు తింటే ఆ జబ్బు నెమ్మదిస్తుందా అన్నదే హైమవతిగారి పరిశోధన. అందుకని కొందరిని రోజూ పొన్నగంటి కూర తినమని, వాళ్ళ కళ్ళు నాలోంచి చూస్తుండేవారు.

వాళ్ళలో సింహాలమ్మ ఒకతె. ఒక కన్ను అప్పటికే పోయింది. మిగిలిన కంటితో మనవరాలి ముఖం చూసుకుంటూ బతుకుతోంది. పొన్నగంటి కూర రుచి మరిగి పండగపూట కూడా అదే వండుకునేది.

కార్తీకం వెళ్ళాక ఆమె వచ్చినప్పుడు ఆ కంట్లో మచ్చ పెరిగి ఉంది. హైమవతిగారు నన్ను బల్లమీద పెట్టారు.

"కూర తింటున్నారా అమ్మా?"

"నేదు తల్లీ. కాశీ ఎల్లినాను గదా, ఇష్టమైంది ఒగ్గీయాల. ఆ కూరకంటే నాకు ఇష్టమైంది ఏటున్నాది? నీ పరిసోదన గట్టెక్కాలని మొక్కి గంగలో ఒగ్గీసినాను."

నాకైతే ఒళ్ళు మండింది. పరిశోధన కోసం తినమన్నదాన్నే పరిశోధన గట్టెక్కాలని మానేసే తెలివి మనుషులకే ఉంటుంది. కానీ ఆ ముసలి ముఖంలోని సంతోషం చూశాక కోపం నిలవలేదు. కూర మానడం వల్లే మచ్చ పెరిగిందో, దానంతటదే పెరిగిందో హైమవతిగారికీ తెలియదు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మునగాకు వదిలెయ్యలేదు కదా?"

"నేదమ్మా."

"తోటకూర?"

"నేదు."

"అయితే ఇవాళ్టి నుంచి అవి తినండి. వాటిమీద మాత్రం ఇష్టం పెంచుకోకండి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నియమం తప్పింది కాబట్టి సింహాలమ్మను పరిశోధనలోంచి తప్పించారు. అయినా ఆమెను రమ్మంటూనే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు నా అంచు చిట్లింది. నా పని కెమెరాలు చేస్తున్నాయి. సొరుగులో మెత్తటి గుడ్డ మీద పడుకుని మగతగా పాత కళ్ళన్నీ తలుచుకుంటుంటాను. ఎన్ని తలుచుకున్నా సింహాలమ్మ చివరిసారి వచ్చిన రోజు దగ్గరే ఆగిపోతాను.

"నీ ముకం కానరావట్నేదు తల్లీ," అంటూ ఆమె డాక్టరమ్మ చెంపలు తడిమింది. తడి తగిలింది. "ఏడుస్తన్నావేటి? నీ పరిసోదన గట్టెక్కినాదా, నేదా?"

"గట్టెక్కిందమ్మా," అన్నారు హైమవతిగారు.

పరిశోధన లెక్క తేలకముందే ఆవిడ చెప్పిన ఫలితం అదొక్కటే.