గుండె గోడ

రోలరును పెయింటులో ముంచి, అంచుకి ఒత్తి, మళ్ళీ పైకెత్తాడు. బడి హాలు పైకప్పు సగం తెల్లబడింది. తలమీది పేపరు టోపీ మీద తెల్లటి చుక్కలు రాలాయి. మీసాలు రాని వయసు నుంచీ మెడ వెనక్కి వంచి బతకడం వల్ల నేలమీద నడిచేటప్పుడు కూడా అతని గడ్డం కాస్త పైకే ఉంటుంది. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు. పని దగ్గర అందరికీ అతను 'నిచ్చెన'. కోపమొస్తే పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుంది.

"దిగు బావా, ఆసుపత్రికి వెళ్ళాలిగా," కింద నిచ్చెన పట్టుకున్న బావమరిది అన్నాడు.

"ఈ మూల అయిపోనీరా."

మూల అయిపోయింది. అయినా దిగబుద్ధి కాలేదు. ఇవాళ రిపోర్టులొస్తాయి.

అతని అన్నదీ ఇదే పని. ఏడాదిపాటు చీలమండలు ఉబ్బుతుంటే "నిలబడే పని, వాపు రాదా?" అని కొట్టిపారేశాడు. ఒక సాయంత్రం, తాను రంగు వేసిన గదిలోనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. కాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అందుకే తమ్ముడి చెప్పులు బిగుతైనప్పుడు పెళ్ళాం ఊరుకోలేదు. రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. బీపీ బాగా ఎక్కువుంది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది, కిడ్నీ దెబ్బతిందన్నారు. భుజం నొప్పికని రోజూ మింగే బిళ్ళలు కిడ్నీకి చేటని ఆపేయమన్నారు. బీపీకి మందులిచ్చి, పైగా గుండెకి స్కానింగు రాశారు.

"కిడ్నీ జబ్బంటూ గుండె చూస్తారేంటి డాక్టరమ్మా?"

"బీపీ కిడ్నీని దెబ్బతీస్తుందండీ. దెబ్బతిన్న కిడ్నీ ఉప్పూ నీరూ సరిగా బయటికి పంపదు, దాంతో బీపీ ఇంకా పెరుగుతుంది. ఆ ఒత్తిడి మీద నెట్టీ నెట్టీ గుండె గోడ మందమవుతుంది."

"గోడ మందమైతే మంచిదేగా?"

"ఇంటి గోడకి మంచిదే. గుండె గోడైతే బిగుసుకుపోతుంది." డాక్టరమ్మ నవ్వలేదు.

ఆ రోజే ఉప్పు డబ్బా బీరువాలోకి చేరింది.

"నగలైనా ఇంత భద్రంగా దాచలేదు కదే!"

"నగలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు," అంది ఆమె, తాళంచెవి గుప్పిట్లో బిగించి.

అది జరిగి ఏడాదైంది, మొన్న మళ్ళీ పరీక్షలూ స్కానింగూ చేశారు. ఇవాళ మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ కాగితాలు తిరగేస్తుంటే, పెళ్ళాం బల్ల కింద అతని చెయ్యి పట్టుకుంది. రంగు ఎండిన వేళ్ళు గరుకుగా తగిలాయి.

"కిడ్నీ అంతకన్నా దెబ్బతినకుండా నిలబడింది. ప్రోటీన్ పోవడం బాగా తగ్గింది. గుండె గోడ కూడా కాస్త పలచబడింది. మందులు మాత్రం మానకండి."

"అంటే... పోనన్నమాట?"

"ఇప్పుడప్పుడే కాదులెండి." ఈసారి నవ్వింది. "ఈ మందులకి కళ్ళేమైనా తిరుగుతున్నాయా?"

"పైకెక్కినప్పుడు కొంచెం."

"అయితే ఎక్కకండి."

బయట బెంచీమీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాడు. అంతకాలం అది ఎక్కడ బిగబట్టి ఉందో అతనికే తెలియదు. పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటూనే తిట్టింది. "ఎక్కినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయని నాకొక్కసారైనా చెప్పావా?"

దారిలో బడికి వెళ్ళి బావమరిదికి చెప్పారు. వాడు బావ భుజం పట్టుకుని ఊపేశాడు.

"ఇకమీదట పైకప్పులు నీవిరా. నేను చేతికందే గోడలు చూసుకుంటా."

మొగుడూ పెళ్ళాం ఇంకా ఎండ ఉండగానే, తొందరేమీ లేనట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

బావమరిది కిటికీ మూయబోయి ఆగాడు. గట్టుమీద బావ పాత పేపరు మడిచి చేసుకున్న టోపీ ఉంది, తెల్లటి చుక్కలు ఎండి గట్టిపడి, తలమీంచి తీసేసినా ఇంకా గుండ్రంగానే.