నాలుగు టన్నుల జనం

మంజీర మీద కొత్త వంతెన పూర్తయింది. బస్సుల్ని వదిలే ముందు దాని మీద బరువు పెట్టి ఎంత వంగుతుందో కొలవాలి. ఆ పని సూపర్‌వైజర్ ప్రభుదాసుది. ఇసుక మూటలు పేర్పించాడు గానీ, ఇంకా నాలుగు టన్నులు తక్కువ. మిగతా మూటల లారీ తూప్రాన్ దగ్గర చెడిపోయింది. మూడింటికి హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు వస్తున్నాడు.

వంతెన చూడ్డానికి మెదక్ నుంచీ, పాపన్నపేట నుంచీ వచ్చిన జనం ఒడ్డున కిక్కిరిసి ఉన్నారు. ప్రభుదాసు వాళ్లవైపు చూసి, వెంటనే రైస్‌మిల్లు కాటా తెప్పించాడు.

"ఒక్కొక్కరు కాటా ఎక్కుండ్రి. బరువు రాసుకుంట. అటెన్క బ్రిడ్జి మీద కూసోండ్రి."

మగవాళ్లు పోటీపడి ఎక్కారు. బీడీల దుకాణం హకీం బక్కవాడు. జేబుల నిండా కంకర పోసుకొచ్చి దొరికిపోయాడు.

"ఉండనీ సాబ్, రాళ్లు గూడ బరువే గద!"

నిజమేననిపించి ప్రభుదాసు రాళ్లతో సహా రాసుకున్నాడు.

చిక్కల్లా ఆడవాళ్ల దగ్గర వచ్చింది. మిషన్ హాస్టల్లో వంట చేసే మార్తమ్మ భారీ మనిషి. ఆమె కాటా ముందు ఆగిపోయింది.

"ఇంతమంది ముంగట నా బరువు సదువుతవా? సిగ్గు లేదా?"

"సదవనమ్మా, మెల్లగ రాసుకుంట."

"నువ్వు సూస్తవు గద!"

రెండున్నర అయింది. చివరికి హాస్టల్ టీచరు యేసమ్మ ముందుకొచ్చింది. "నలుగురం ఒక్కసారే ఎక్కుతం. ఎవలిదెంతో దేవునికే ఎరుక."

నలుగురూ చేతులు పట్టుకుని ఎక్కారు. కాటా మూలిగింది. నాలుగేసి మంది చొప్పున ఆడవాళ్లంతా ఎక్కేసరికి లెక్క సరిపోయింది.

కారు దిగిన పెద్ద ఇంజనీరు, వంతెన మీద ఊపిరి బిగబట్టి కూర్చున్న జనాన్ని చూసి నోరు తెరిచాడు.

"ఏమిటయ్యా ఇది?"

"లోడు సార్."

ఆయన వంతెన కిందికి దిగి, వంపు కొలిచే గేజీ చూశాడు. వంతెన వంగాల్సినంతే వంగింది. "బాగుంది. ఇప్పుడు బరువు దించండి. వంతెన మళ్లీ పైకి లేవాలి."

ప్రభుదాసు చేతులూపాడు. "అయిపోయింది, దిగుండ్రి!"

కూలీలు ఇసుక మూటలు దించడం మొదలుపెట్టారు గానీ, జనంలో ఒక్కరూ కదల్లేదు. మార్తమ్మ అప్పటికే కాళ్లు బారజాపి సద్ది మూట విప్పింది.

"గింత సల్లగాలి ఊళ్లె ఏడుంది? జర ఆగు బిడ్డా."

పెద్ద ఇంజనీరు కార్లో కూర్చుని గడియారం చూసుకున్నాడు. నాలుగు, అయిదు, అయిదున్నర. పొద్దు గూకే వేళకు జనం ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్లారు. అప్పుడు వంతెన కూడా లేచింది.