ఇద్దరిదీ ఒకే తీరు గుండె

కూతురు పరుగెత్తుతుంటే చూడటం కన్నా ఇష్టమైన పని ఎల్లేశానికి ఇంకొకటి లేదు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేస్తూ రాత్రి షిఫ్టు చేసి, కళ్ళు మండుతున్నా ఇంటికి పోకుండా నేరుగా కాలేజీ గ్రౌండుకే పోయేవాడు. సంగీత ఎనిమిది వందల మీటర్లలో జిల్లా ఫస్టు. రాష్ట్ర పోటీలకు వెళ్ళే ముందు గుండె పరీక్ష చేయించుకోవాలన్నారు. తండ్రీకూతుళ్ళు జగిత్యాల పోయారు.

డాక్టర్ నాహీద్ సంగీత ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. ఎకో తీయించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. గుండెలోంచి రక్తం బయటికి పోయేచోట తలుపులాంటి వాల్వు ఉంటుందట. దానికి అందరికీ మూడు రెక్కలుంటే, సంగీతకు పుట్టుకతోనే రెండున్నాయట. కాస్త లీకవుతోందట.

మిగతాది ఎల్లేశం విననే లేదు.

“ఇగ ఉరుకుడు బంద్.”

“బాపూ, మేడమ్‌ను చెప్పనియ్యి.”

“ఏం చెప్పేదున్నది బిడ్డా? పానం కంటె కప్పు ఎక్కువనా?”

“నేను ఉరకొద్దన్ననా?” అని నవ్వింది డాక్టర్. “లీకు శాన తక్కువున్నది. ఉరకనియ్యి. ఏడాదికోసారి ఎకో తీపియ్యాలె. కండ్లు తిరిగినా, ఛాతిల నొప్పొచ్చినా అక్కడికక్కడ ఆగి నా దగ్గరికి రావాలె. ఇంకో మాట. ఇది ఇంట్లోవాళ్ళకు గూడ ఉండొచ్చు. తల్లిదండ్రులు చూపించుకుంటె మంచిది.”

“నాకేమైతది మేడమ్? గుండు లెక్కున్న.”

“గుండు లెక్కుంటె మొన్న కొండగట్టు గుడి మెట్ల మీద దమ్మొచ్చి ఊకె ఎందుకు కూసున్నవ్?” అంది సంగీత.

“గది దూది దుమ్ముకు బిడ్డా.”

“దుమ్మో ఏందో మిషన్ల కనవడ్తది. ముందు నువ్వు పండు. తర్వాత నీ మాట నేను వింట.”

ఎల్లేశం సిగ్గుపడుతూ చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు.

ఆయనవీ రెండు రెక్కలే. పైగా అవి ఇన్నేళ్ళలో గట్టిపడిపోయి, రక్తం పోయే దారి బాగా సన్నబడింది. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసి వాల్వు మార్చాలంది డాక్టర్. కొన్ని రోజులకు తల్లి కవితకూ పరీక్ష చేయించారు. ఆమె గుండె బాగానే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎల్లేశం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కోరుట్లలోనో రాయికల్‌లోనో మంచి సంబంధం చూస్తానని కూతురిని ఏడిపించే మనిషి, ఆరోజు తన ఛాతీ మీద చేయి వేసుకుని చూసుకున్నాడు. చివరికి, “నా తీరు గుండెనే నీకిచ్చిన్నా బిడ్డా?” అన్నాడు.

“ఇస్తే ఇచ్చినవ్ తియ్యి. నాది చూస్తెనే గద నీది దొరికింది?” అని ఆయన భుజం మీద తల పెట్టింది సంగీత.

హైదరాబాద్‌లో ఆపరేషనూ రాష్ట్ర పోటీలూ ఒకే వారంలో పడ్డాయి. పొమ్మని ఎల్లేశం ఎంత బతిమాలినా సంగీత కదల్లేదు. ఆయన లేచి నిలబడ్డాక చేయి పట్టుకుని ఆస్పత్రి వరండాలో నడిపించింది. కోచ్ జీవన్ సార్ తనను అదిలించినట్టే ఆయన్ని అదిలించింది. “కిందికి చూడకు బాపూ. ఊపిరి తీస్కో. మెల్లగ, ఇంకో రౌండు.” మిగతా రోగులు నవ్వేవారు. ఎల్లేశానికి మాత్రం లోలోపల గర్వంగా ఉండేది.

మరుసటి ఏడు ఎకోలో మార్పేమీ లేదన్నాక, సంగీత రాష్ట్ర పోటీల్లో పరుగెత్తి మూడోదిగా వచ్చింది. చివరి మలుపు దగ్గర ఎల్లేశం “ఉరుకు బిడ్డా!” అని ఎంత గట్టిగా అరిచాడంటే, చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూశారు.

ఆయాసం తగ్గకముందే వచ్చి కసిరింది కూతురు. “గంతగనం ఒర్రుతవా? ఆపరేషన్ చేసిన డాక్టర్ ఏం చెప్పిండు?”

“బరువులు మొయ్యద్దన్నడు. ఒర్రద్దన్లే,” అన్నాడు ఎల్లేశం, ఆమె నుదుటి చెమటను తువ్వాలతో తుడుస్తూ.