గడప బయట హిమజ చెప్పులు

పనిలో జీడి అంటకుండా చేతులకు ఆముదం పట్టించుకుంటూ పైడమ్మ కూతురి కాళ్లవైపే చూస్తోంది. గంజన్నం తింటూనే హిమజ చెప్పులు తొడిగేసింది. పట్టీలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసుకుంది.

భర్త బంగారయ్యను డయాలసిస్‌కని ఆటో ఎక్కించిన రోజు ఈ పిల్ల బడిలోంచి లేచి పరుగెత్తబోయింది. గుమ్మం దగ్గరి చెప్పుల కుప్పలో తనవి దొరికేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. "నానకేటీ అవదు, సాయంత్రానికొచ్చేత్తాడు" అని పైడమ్మ ఊరడించింది. బంగారయ్య ప్రాణంతో రాలేదు. అప్పటినుంచి హిమజ తరగతిలో చెప్పులు విప్పదు, వరండాలో అమ్మ కనబడకపోతే కూర్చోదు.

"నీ కూతురు సెప్పుల్తోనే పుట్టినాదేటే పైడీ?" అని జీడిపిక్కల బట్టీలో తోటి కూలి బొడ్డమ్మ ఆట పట్టిస్తుంది. మేస్త్రీ మాత్రం నవ్వడు. ఇవాళ కూడా ఆలస్యమైతే పైడమ్మ పీట ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

బడికి చేరిన పైడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తరగతిలో పక్క ఊళ్ల టీచర్లు! బెదిరిన పిల్లలతో ఎలా మెలగాలో సావిత్రి టీచరు టెక్కలి శిక్షణలో నేర్చుకొచ్చింది. నెల రోజులుగా హిమజ పక్కనే నేల మీద కూర్చుంటోంది. ఇవాళ ఆ పద్ధతే వీళ్లకూ నేర్పుతోంది. పైడమ్మకు మాత్రం ఒకటే తోచింది, పిల్ల చేతికి టీసీ ఇచ్చి పంపేస్తారని.

ఆ వచ్చినవాళ్లలో ధనుంజయ మాస్టారు అలవాటుగా చెయ్యి చాచాడు. "చెప్పులు బయట విప్పాలి పాపా."

హిమజ బిగుసుకుపోయింది.

"ఉండండి మాస్టారూ, ముందు అడుగుదాం." సావిత్రి పిల్ల ఎదుట చతికిలబడింది. "హిమజా, అమ్మ పనికెళ్లాలి. నీ చెప్పులు ఎక్కడుంటే నీకు బాగుంటుంది?"

పైడమ్మ ఉండబట్టలేకపోయింది. "నాకేటీ అవదని దానికి సెప్పండి టీచరమ్మా!"

"అది చెప్పలేనమ్మా." సావిత్రి పిల్ల కళ్లలోకి చూసింది. "ఏదైనా అయితే దాచను. ముందు నీకే చెబుతాను. నా బండి మీద నేనే అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను."

"ఒట్టా?"

"ఒట్టు."

ఇప్పుడు అరుస్తుంది, రోడ్డు మీదికి పరుగెడుతుంది, ఏ లారీయో వస్తుంది... పైడమ్మ కళ్లు మూసుకుంది. పట్టీ ఊడిన చప్పుడు వినబడి తెరిచింది. హిమజ తన జతను కుప్పలో కలపకుండా, తన చోటు నుంచి కనబడేలా గడప బయట విడిగా పెట్టింది.

"ఎల్లవే అమ్మా, మేస్త్రీ తిడతాడు."

పైడమ్మ చప్పుడు చేయకుండా మెట్లు దిగింది. మలుపు తిరిగాక కాళ్లకు రెక్కలొచ్చాయి.

"నీ తోకేదే పైడీ?" అంది బొడ్డమ్మ.

"బళ్లో కూకుంది! సెప్పులిప్పీసి కూకుంది!" బట్టీ అంతా వినబడేలా చెప్పి, పైడమ్మ తన పీట లాక్కుని కూర్చుంది.

సాయంత్రం రొప్పుకుంటూ బడికి వచ్చింది. లోపల ఎక్కాలు వల్లె వేస్తున్న పిల్లల్లో హిమజ గొంతే పైకి వినిపిస్తోంది. గడప బయట, ముందు భాగం రోడ్డువైపే తిప్పి, పొద్దున పెట్టిన చోటే ఉన్నాయి ఆ చిన్న చెప్పులు. ఒకదానిలో ఎప్పుడో రాలిన జీడాకు కదలకుండా ఉంది.