ఎల్లాజీ విసరని పిల్ల

ఎల్లాజీ సముద్రంలోకి చొచ్చుకెళ్లిన చెక్కల వంతెన చివర కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడిస్తున్నాడు, ఒంటి మీద పనిలో చేరినప్పుడు చేపల ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన తెల్ల రబ్బరు ఏప్రను, పక్కనే గీతిక బోర్లా పడుకుని దారం చివర ఆల్చిప్ప మాంసం కట్టి పీతల్ని పడుతోంది, ఇసుకలోంచి వంతెన ఎక్కి వస్తున్న పోలేశ్వరికి ముందు ఆ రెండు వీపులే కనిపిస్తాయి, ఒకటి కూతురిది, రెండోది చచ్చిపోయిన మొగుడిది, ఆ సంగతి ఆమెకు శుభ్రంగా తెలుసు, అయినా భయం రాదు, ఏడుపూ రాదు, ఇంత ఎండలో పిల్ల నెత్తిన టోపీ పెట్టలేదేం ఈ మనిషి అని ఒళ్లు మండుకొస్తుంది.

"గుంటకి టోపీ ఏదీ?" అని అరుస్తుంది.

ఎల్లాజీ తిరిగి చూడడు. "సచ్చినోడు ఏడాదికి అవుపడితే అడగాల్సిన మాటేటే ఇది, పోలీ?" అంటాడు. గొంతు మామూలుగానే ఉంది, జుట్టులోంచి నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి, చెక్కల మీద పడ్డవి ఆరడం లేదు.

డెన్మార్క్‌లో ఓ చిన్న ఊరు అది, ఆ ఊరిని ఆనుకునే ఈ ఇసుక తీరం, పిల్లాపాపలతో వచ్చేవాళ్లకి ఇంతకంటే సాధువైన చోటు లేదని అక్కడ అందరూ చెబుతారు, ఒడ్డు నుంచి చాలా దూరం నడిచినా మోకాలి లోతే, వంతెన చివర దాటితేగానీ నిలువులోతు రాదు, అల అన్నమాట లేదు, ఐస్‌క్రీం బడ్డీ మీద ఆ దేశపు ఎర్ర జెండా బద్ధకంగా ఊగుతుంటుంది, ముసలమ్మలు మడత కుర్చీల్లో కూర్చుని అల్లికలు చేసుకుంటారు. పోలేశ్వరి ఈ ఊళ్లోనే వృద్ధాశ్రమంలో నర్సు. ఆమె ఉద్యోగం వెంటే భీమిలి అవతలి చేపలపేట నుంచి మొగుడూ కూతురూ వచ్చారు. వచ్చిన మొదటి ఏప్రిల్‌లో, బంగారంలాంటి ఎండ కాస్తున్న ఓ ఆదివారం, ఎల్లాజీ ఇదే వంతెన చివర నిలబడి, "ఇది సముద్రమేటే, పళ్లెంలో పోసిన నీళ్లు!" అని పగలబడి నవ్వి, చొక్కా విప్పి దూకేశాడు. ఏం చెప్పమంటారు! అల ఎత్తు చూసి సముద్రం కోపం కొలిచే మనుషులు వాళ్లు. వాళ్ల పేటలో సముద్రానికి కోపమొస్తే అరిచి మరీ చెబుతుంది. ఇక్కడి నీళ్లు నోరు విప్పవు, అప్పుడే చలికాలం దాటిన నీళ్లు అవి, ఎండ పైపైనే, కింద మంచు. వంతెనకూ, ఈతకు హద్దుగా నీళ్ల మీద తేలే పసుపు బోయాకూ మధ్యలో గుండె పట్టేసింది. సముద్రంలో పుట్టి పెరిగినవాడు, పిల్లలు ఆడుకునే నీళ్లలో చచ్చిపోయాడు.

"ఎందుకొచ్చేవు మావా?" అంటుంది పోలేశ్వరి.

"పనొకటి మిగిలిపోనాది. గుంటని ఇసరాల."

వాళ్ల పేటలో పిల్లాడికి ఊహ తెలిసే వయసు రాగానే తండ్రి తెప్ప మీద ఎక్కించుకుని అలలు దాటించి, నడిసముద్రంలో ఎత్తి విసిరేస్తాడు, వాడు కాళ్లూ చేతులూ కొట్టుకుని, నీళ్లు మింగి, ఏడ్చి, ఎలాగో తెప్ప అంచు పట్టుకుంటాడు, ఆ రోజు నుంచి వాడు సముద్రం మనిషి. ఎల్లాజీని వాళ్లయ్య అలాగే విసిరాడు. గీతికనీ విసురుతానని ఎల్లాజీ బతికున్నన్నాళ్లూ పోరాడు, పోలేశ్వరి పడనివ్వలేదు.

"ఆడగుంటల్ని ఎవుడిసిరేడు మావా మన పేటలో? మొగగుంటల్నే గదా. ఆడోళ్లం ఒడ్డున గంపలు పట్టుకుని నిలబడ్డోళ్లమే గదా."

ఎల్లాజీ ఇప్పుడు తిరుగుతాడు. మొహం ఆ రోజు ఆస్పత్రిలో చూసిన మొహమే, పెదాలు నీలం, కళ్లు మాత్రం బతికున్నప్పటివి, కోపంతో ఎర్రగా.

"అదే నాననేది. నిన్ను మీ అయ్య ఇసిరుంటే, ఆ రోజు ఒడ్డున నిలబడి గుండెలు బాదుకుందువా? దూకుదువు. నాను బతుకుదును."

పోలేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒక్క అంగలో వెళ్లి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. బతికుండగా మొగుడి మీద చెయ్యెత్తి ఎరగదు, అతనూ అంతే, ఆ మాటకొస్తే పేటలో అదో వింతగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు మాత్రం కొట్టిన చేతికి మంచుగడ్డని కొట్టినంత నొప్పి, అయినా ఆగదు, రెండో చెంపా వాయించి, ఏప్రను పట్టుకుని గుంజి, నోటికొచ్చినట్టు తిడుతుంది. "పొగరు మావా నీకు! పొగరుతో సచ్చిపోనావు! గుంట సూస్తుండగా నవ్వుతా దూకేవు! ఈ ఊరొచ్చి నెల కూడా తిరక్కుండా నన్ను ముండమోపిని చేసి, ఇప్పుడొచ్చి తప్పు నా మీద తోస్తావేటి?"

ఎల్లాజీ లేచి తిరిగి ఆమె చెంప మీద కొడతాడు. పోలేశ్వరి చెక్కల మీద పడుతుంది, పెదవి పగిలి నోరంతా రక్తం. ఒడ్డున ఐస్‌క్రీం నాకుతున్న ఓ తండ్రి ఇటు చూసి తలూపి నవ్వుతాడు, ఈ ఊళ్లో ఎదురుపడ్డ ఎవరినైనా చూసి అలాగే నవ్వుతారు, మడత కుర్చీల్లో ముసలమ్మలు అల్లికలోంచి కళ్లెత్తరు. పోలేశ్వరి పీతల బకెట్టు అందుకుని అతని నెత్తిన బలంగా మోదుతుంది. బకెట్టు సొట్టపోతుంది, పీతలు చెల్లాచెదురై ఇద్దరి కాళ్ల మీంచీ పరిగెడతాయి, అతని తల పగిలిన చోట రక్తం రాదు, సముద్రపు నీళ్లు వస్తాయి, ఎంతకీ ఆగకుండా వస్తాయి.

"కొట్టు. ఎంత కొడతావో కొట్టు," అంటాడు ఎల్లాజీ, "గుంటని మాత్రం ఒగ్గను. ఏడాదయ్యింది, దాన్ని నీటి అంచు దాటనిచ్చేవా? దాని ఈడు గుంటలంతా నీళ్లలో ఆడతంటే, ఇది ఒడ్డున ఇసక తవ్వుకోవాల. బడోళ్లు ఈతకి తీసుకెళ్తన్నారంటే, జొరమొచ్చిందని అబద్ధమాడి ఇంట్లో పడుకోబెట్టీసేవు. అన్నీ సూస్తన్నాను."

"అవును, పడుకోబెట్టేను! ఇంకా పడుకోబెడతాను! నాకింకెవరున్నారు?"

ఎల్లాజీ ఆమె జుట్టు పట్టుకుంటాడు, వంతెన అంచు దాకా ఈడ్చుకుపోతాడు, ఈడుస్తుంటే చెక్కలు చెక్కలుగా ఉండవు, కొబ్బరితాళ్లతో కట్టిన తెప్ప దుంగలవుతాయి, ఒడ్డు ఎప్పుడు జరిగిపోయిందో తెలియదు, ఐస్‌క్రీం బడ్డీ అక్కడెక్కడో బొట్టంత ఉంది, ఎల్లాజీ ఆమె మెడ వంచి తల నీళ్లలో ముంచుతాడు.

నీళ్లు కావవి, కత్తులు. ఊపిరి తీసుకోబోతే ఛాతీ ఇనప పెట్టెలా మూసుకుపోతుంది. చేతులున్నాయి, కదలవు. నోరుంది, అరుపు రాదు. పైన ఎండ ఉంది, పసుపు బోయా ఉంది, అన్నీ చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాయి. వంతెన మీద ఎవరో ఆడమనిషి గుండెలు బాదుకుంటూ అరుస్తోంది, ఆ అరుపు నీళ్ల అడుగు దాకా స్పష్టంగా వినిపిస్తోంది, ఆ ఆడమనిషి తనే.

ఎల్లాజీ ఆమె తల పైకి లాగుతాడు. "ఆ రోజు నాకిలాగున్నాది," అంటాడు. అతనూ ఏడుస్తున్నాడు. "నీ అరుపు ఇనబడ్డాది పోలీ. 'మావా, వచ్చీ, వచ్చీ' అన్నావు. ఎలాగొస్తాను? ఎలాగొస్తానే?"

పోలేశ్వరి దగ్గుతూ, నీళ్లు కక్కుతూ, అతని మెడ కౌగిలించుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలియకే కదా ఏడాదిగా నిద్ర లేదు ఆమెకు, తన అరుపు వినిపించిందో లేదో, ఒంటరిగా పోయాడేమోనని. వినిపించిందన్నాడు. ఆ కాసేపూ ఇద్దరూ తెప్ప మీద ఒకరినొకరు పట్టుకుని ఊగుతారు, దెబ్బలు తిన్న మొహాలు రెండూ ఆనుకుని ఉంటాయి, ఇక చాలు, ఇక్కడితో అయిపోతే బాగుండుననిపిస్తుంది ఆమెకు.

"నాన్నా, విసురు!" అంటుంది గీతిక.

పిల్ల తెప్ప మధ్యలో నిలబడి చేతులు చాచి నవ్వుతోంది. ఎల్లాజీ పోలేశ్వరిని విడిపించుకుని లేస్తాడు, పిల్ల చెయ్యి పట్టుకుంటాడు, చంకలో చెయ్యివేసి ఎత్తుతాడు, చచ్చాకైనా మొండితనం పోవద్దూ ఈ మనిషికి!

"మావా, వద్దు! నీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు!"

"ఒగ్గీ పోలీ. ఒక్కపాలి ఒగ్గీ. నాను పక్కనే ఉంటాను గదా."

"నువ్వెక్కడున్నావు? నువ్వు సచ్చిపోనావు!"

పోలేశ్వరి మీదికి దూకుతుంది. మొహం రక్కుతుంది, గోళ్ల కింద చల్లటి చర్మం ముద్దలు ముద్దలుగా వస్తుంది. మోకాలితో పొట్టలో పొడుస్తుంది. తెప్ప దుంగ లాగి వీపు మీద బాదుతుంది, దుంగ విరిగిపోతుంది, ఎల్లాజీ కదలడు. అతను పిల్లను వెనక్కి ఊపి ముందుకి ఊపుతున్నాడు, పిల్ల పకపకా నవ్వుతోంది, ఇంకొక్క ఊపులో వదిలేస్తాడు, వదిలేస్తే పిల్ల ఆ కత్తుల్లాంటి నీళ్లలో పడుతుంది, తనకి ఈత రాదు, మళ్లీ నిలబడి గుండెలు బాదుకోవాలి, మళ్లీ. ఆమెకు ఇంకేదీ తోచదు. పిల్లను పట్టుకున్న ఆ చెయ్యి రెండు చేతులతో ఒడిసి పట్టుకుని, పళ్లు దిగేలా కొరుకుతుంది. ఉప్పగా ఉంది. ఇంకా గట్టిగా కొరుకుతుంది, తల విదిలించి మరీ కొరుకుతుంది, చెయ్యి ఊడొచ్చినా సరే అనుకుని కొరుకుతుంది.

"ఎవరి సెయ్యే అది, పోలీ?" అంటాడు ఎల్లాజీ, చాలా మెల్లగా. "సూసుకో. ఎవరి సెయ్యి కొరుకుతున్నావు?"

కేక వినపడుతుంది. అది ఎల్లాజీది కాదు.

పోలేశ్వరి కళ్లు తెరుస్తుంది. మధ్యాహ్నపు ఎండ. రాత్రి డ్యూటీ చేసి, పిల్ల పోరు పడలేక నేరుగా ఇక్కడికే వచ్చి, నీటి అంచున తువ్వాలు పరుచుకుని వాలింది, ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. నోట్లో ఉప్పు. ఎదురుగా గీతిక తన చెయ్యి తను పట్టుకుని వెక్కుతోంది, ముంజేతి మీద పళ్ల గాట్లు వరసగా, తెల్లగా పడి, చూస్తుండగానే ఎర్రగా నిండుతున్నాయి.

"పాదాలు తడుపుకోనా అని అడుగుదామని లేపానమ్మా," అంటుంది గీతిక. "అంతే."

కాస్త దూరంలో మడత కుర్చీలోంచి ఓ ముసలమ్మ లేచి నిలబడి ఇటే చూస్తోంది. పోలేశ్వరి మోకాళ్ల మీద లేచి చెయ్యి చాస్తుంది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేస్తుంది. పిల్ల ఇంకో అడుగు వేస్తుంది, మడమలు నీళ్లలో పడతాయి, ఆ సంగతి చూసుకోదు, తల్లి మొహం మీంచి కళ్లు తిప్పకుండా, చెయ్యి గుండెలకు హత్తుకుని, నీళ్లలోకి వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉంది.