రెండుసార్లు సంతకం చేసిన ప్రెసిడెంటు

నేను ఒక సినిమా రీలును. సినిమా మొత్తాన్ని కాదు, తొమ్మిది రీళ్ళలో ఏడోదాన్ని. పత్తితో చేసిన పొర మీద పశువుల ఎముకల జిగురూ వెండీ పూసి అమెరికాలో నన్ను తయారుచేశారు. నా మీద ముద్రించింది బానిసలను విడిపించిన వాళ్ళ ప్రెసిడెంటు జీవితకథ. నాకోసం పత్తి ఏరింది మాత్రం ఆ బానిసల మనవలే. మనుషుల ఉదారత్వం ఎంతవరకో నాకు పుట్టుకతోనే తెలిసింది.

ప్రెసిడెంటు పుట్టిన కొయ్యగుడిసె, చదువు, వకీలుతనం, యుద్ధం, ఇవన్నీ ముందు రీళ్ళు చూసుకుంటాయి. నా వంతుకు వచ్చింది ఒక బల్ల, ఒక కలం, బానిసలు ఇక స్వతంత్రులని రాసిన కాగితం మీద ఆయన చేసే సంతకం. ఎనిమిదో రీల్లో, నాటకం చూస్తుండగా ఆయనను కాల్చి చంపుతారు.

దేశాలు తిరిగి మద్రాసు చేరి, అక్కడినుంచి కృష్ణ కాలవ గట్టున పిచ్చేశ్వరరావు గారి డేరా హాలుకు వచ్చాను. తెలుగు సినిమా పెట్టె సమయానికి అందక, హాలు ఖాళీగా ఉంచలేక తెచ్చిన బొమ్మ మాది. ఇంగ్లీషు ఎవరికి అర్థమవుతుంది? అందుకే దేవసహాయం ఉన్నాడు. మిషను బడిలో చదివినవాడు. తెర పక్కన మైకు పట్టుకుని, బొమ్మ నడుస్తుంటే కథంతా తెలుగులో చెప్పేవాడు. అతని తమ్ముడు ఏసోబు అదే పిచ్చేశ్వరరావు గారి ఇంట్లో పాలేరు. తండ్రి ఏదో కరువులో తెచ్చుకున్న గింజల అప్పు కింద పసితనంలో పశువుల కొట్టంలో చేరాడు, మీసాలు వచ్చినా బయటపడలేదు. తమ్ముణ్ణి విడిపించి బెజవాడలో ఏ కూలిపనికైనా పంపాలని అన్న ఆశ.

మొదటి ఆటలో నా వంతు వచ్చింది. ప్రెసిడెంటు కలం ఎత్తాడు. దేవసహాయం మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదుగో, సంతకం పెడతన్నాడు! ఇయ్యాల్టి నుంచీ ఎవడి రెక్కలు వాడియ్యే. పోతానంటే ఆపేవాడు లేడు!"

నేల టిక్కెట్ల వాళ్ళు నాటకంలో మంచి పద్యం విన్నప్పుడు అరిచినట్టే "ఒన్స్ మోర్!" అని అరిచారు. ఆపరేటరు మస్తాన్ ఏం చేస్తాడు? నన్ను వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు. ప్రెసిడెంటు రెండోసారి సంతకం చేశాడు. ఎనిమిదో రీలు వచ్చినప్పుడు, ఆ సంతకం కోసమే ఆయనను చంపారని దేవసహాయం చెబితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నా బతుకులో గర్వపడింది ఆ ఒక్క పూటే.

ఆ ఆట చూసిన ఏసోబు తెల్లారి కొట్టానికి వెళ్ళలేదు. పిచ్చేశ్వరరావు గారు కర్ర పట్టలేదు, కేక వేయలేదు. డేరాకు వచ్చి, నా డబ్బా మీద చెయ్యి వేసి, దేవసహాయాన్ని మెత్తగా పలకరించారు.

"ఏమయ్యా, మీవాడు పేడ తియ్యటానికి రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

"నేను చెబుతానండి, బాబుగారూ."

"చెప్పు. వచ్చే ఏరువాకకి వాణ్ణి నేనే వదిలేస్తా. ఈ డబ్బా మాత్రం అరిగిపోయినట్టుంది, ఇక వెయ్యొద్దు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దేవసహాయం తల ఊపాడు.

ఆ సాయంత్రం ఆటకు నన్ను డబ్బాలోనే ఉంచేశారు. ఆరో రీల్లో దిగులుగా కూర్చున్న ప్రెసిడెంటు, ఎనిమిదో రీల్లో తూటా తగిలి ఒరిగిపోయాడు. నడుమ ఆయన ఏం చేశాడో జనానికి తెలియలేదు.

"అంత మంచోణ్ణి ఎందుకు చంపారయ్యా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"పొలం గట్టు తగాదా," అన్నాడు దేవసహాయం.

ఏసోబు లేచి నిలబడ్డాడు. "అదేందన్నా! నిన్న సంతకం పెట్టాడుగా! అందుకే చంపారని నువ్వేగా చెప్పావు?"

"అది వేరే బొమ్మరా. కూర్చో."

జనం నవ్వారు. ఏసోబు కూర్చోలేదు, డేరా బట్ట పైకెత్తి బయటకు పోయాడు. మా జాతికి నిప్పంటే ప్రాణభయం. ఆ పూట మాత్రం ఎవరైనా ఒక అగ్గిపుల్ల గీస్తే బాగుండుననుకున్నాను.

మర్నాడు ఏసోబు కొట్టానికి వెళ్ళాడు. ఏరువాక వచ్చింది, పోయింది. మాట ఇచ్చినవారు మరిచారు, పుచ్చుకున్నవాడు గుర్తుచేయలేదు. అంత నమ్మకస్తుణ్ణి వదులుకోవడం ఎందుకని పిచ్చేశ్వరరావు గారు దేవసహాయానికి పొలం పెత్తనం కూడా అప్పగించారు. అరిగిపోయిందన్న నన్ను మద్రాసు నుంచి ఎవరూ వెనక్కి అడగలేదు.

కంకులు పాలు పోసుకునే రోజుల్లో పిట్టల బాధ పడలేక, నన్ను చేనంతా కట్టమని ఏసోబుకు ఇచ్చారు. గాలికి తళతళలాడితే పిట్టలు బెదురుతాయట. నన్ను విప్పుతూ విప్పుతూ ఏసోబు ఒకచోట ఆగాడు. ఎండకెదురుగా పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. గోరంత బొమ్మల్లో బల్ల, కలం, గడ్డం మనిషి. గట్టు మీద గొడుగు కింద దేవసహాయం నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఇటొచ్చి ఒకసారి చూడు," అన్నాడు ఏసోబు, నన్ను చాచి.

దేవసహాయం కదలలేదు. "పొద్దెక్కుతుంది. బిగించి కట్టు."

ఏసోబు బిగించి కట్టాడు. పనిమంతుడు, ముడి జారనివ్వడు. ఆ యేడు పిచ్చేశ్వరరావు గారి చేలో ఒక్క గింజ కూడా పిట్టల పాలు కాలేదు.